జాజు పూసిన బావి

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తన చేతిలోని స్కేలు మీద ఉండే నమ్మకం లోకంలో మరి దేని మీదా ఉండదు. ఆ రోజుల్లో నాకూ అంతే. హైదరాబాదులో నక్షలు గీయడం నేర్చుకుని కామారెడ్డిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊళ్లో గత్తర (కలరాను అక్కడ అలాగే అంటారు) సోకిందని నన్ను పంపారు. ఏడు బావుల్లో మూడింటి నీళ్లు తాగరాదని డాక్టరు తేల్చాడు. ఆ సంగతి చదువురాని వాళ్లకు కూడా చూడగానే తెలిసేలా గీయడం నా పని.

నేను పద్ధతి గల మనిషిని. ఒకటి, రంగులు రెండే ఉండాలి. రెండు, అక్షరాలు ఉండకూడదు. మూడు, ప్రమాదం దూరం నుంచే కనబడాలి. చావడి గోడ మీద ఊరి నక్ష గీసి మంచి బావులకు నీలం, చెడ్డ బావులకు ఎరుపు వేశాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆ బావుల గట్లకు కూడా అవే రంగులు పూయించి, ఎరుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడాలని దాని చుట్టూ సున్నంతో తెల్లచుక్కలు పెట్టించాను. (చుక్కకూ చుక్కకూ మధ్య సరిగ్గా జానెడు. కొలిచాను.)

మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఊరి ఆడవాళ్లంతా పెద్ద ఎర్రబావి దగ్గరే ఉన్నారు. నిండు బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. గట్టు మీద వేపమండలు. అందరికంటే ముందున్న ముసలవ్వ నన్ను చూసి మురిసిపోయింది.

"రా బిడ్డా. గడపకు పూసినట్టు ఎర్రగ జాజు పూసి చుక్కలు పెడితివి. ఈ బాయిల పోచమ్మ నిలిచిందని చెప్పనీకే గదా?"

నీలం బావుల మాటేమిటన్నాను. అవి పాము కరిచినోని పెదవుల లెక్క ఉన్నాయనీ, అటు ఎవరు పోతారనీ అంది.

"అవ్వా, ఈ నీళ్లు ఎవరన్న తాగిన్రా?"

"పోచమ్మకు సాక పొయ్యనిదే ఎట్ల తాగుతం? పసుపు కోసం ఆగినం. దుకానం ఇంక తెరవలే."

సాక అంటే అమ్మవారికి ముందుగా పోసే పసుపు నీళ్లు. అంటే ఇంకా ఎవరూ తాగలేదు. ఆ దుకాణదారు బద్ధకానికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నేను తప్పు ఒప్పుకున్నాక బిందెలన్నీ ఒలకబోశారు. "పట్నంల గింత సదివినవు, పాడువడ్డ బాయి ఎట్లుంటదో ఎరుకలేదా?" అంటూ అవ్వ గట్టుకు బొగ్గు పూయించి, గిలకకు అరిగిన చీపురు, పగిలిన చేట వేలాడదీసింది. ఇక ఎవరూ అటు పోలేదు. నక్షనూ, మిగతా బావుల గట్లనూ నేనూ అలాగే దిద్దాను. మంచి బావులకు జాజు, చుక్కలు. చెడ్డవాటికి నలుపు, పైన చీపురు. కామారెడ్డి నుంచి వచ్చిన పై అధికారి అంతా ఉల్టాగా ఉందన్నాడు కానీ, బిందెలు ఎటు పోతున్నాయో చూసి ఊరుకున్నాడు.

తర్వాత ఎన్నో ఊళ్లకు నక్షలు గీశాను. కుంచె ముంచే ముందు ఆ ఊరి గడపలు ఒకసారి చూసి వచ్చేవాణ్ణి. అవ్వ నేర్పిన చదువు అదొక్కటీ ఒంటబట్టింది. చుక్కల మధ్య దూరం మాత్రం ఇప్పటికీ కొలుస్తాను.