నాకు లేని జబ్బు

ఒంగోల్లో పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేరిన కొత్తల్లో రోజూ చీరాల నుంచి పాసింజరులో వెళ్లొచ్చేవాణ్ణి. ఒకామె కూడా అదే పెట్టె ఎక్కేది. ఒంగోల్లో ఒక బట్టల కొట్టు మేడ మీద జాకెట్లు కుట్టేది. భర్త గుంటూరు నుంచి మిరపకాయల లోడుతో ఉత్తరాదికి లారీ తోలేవాడనీ, పోయి మూడేళ్లయిందనీ తోటి ఆడవాళ్ల మాటల్లో విన్నాను. కొన్నాళ్లకు నా కోసం పక్కన సంచి పెట్టి సీటు ఆపేదాకా వచ్చింది మా పరిచయం. రైలెక్కని ఆదివారాలు నాకు తోచేది కాదు.

ఒక సాయంత్రం ఒంగోలు స్టేషన్‌లో బండి గంట ఆలస్యం. బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ, పెళ్లి చేసుకుందామా అని అడిగేశాను. ఆమె పట్టాల వైపు చూస్తూ చెప్పింది.

"నాకు హెచ్ఐవీ ఉందండీ. మా ఆయన నుంచి వచ్చింది. ముందే చెప్పాల్సింది. చెబితే మీరు వేరే పెట్టె ఎక్కుతారని భయపడ్డా."

నా గ్లాసులో టీ అయిపోతే తన దాంట్లోది సగం నాకు పోయడం ఆమెకు అలవాటు. ఆ మాట చెప్పాక కూడా అలవాటుగా గ్లాసు వంచబోయింది. నా చెయ్యి వెనక్కి పోయింది. కావాలని చేయలేదు. కానీ ఆమె చూసింది. గ్లాసు కింద పెట్టి, "పర్లేదండీ" అని నన్నే ఓదార్చింది.

పది రోజులు రైలు మానేసి బస్సులో తిరిగాను. తర్వాత ధైర్యం చేసి ఆసుపత్రికి వెళ్లి, పరీక్షలు చేసే గదిలో కూర్చునే కౌన్సిలరమ్మను అడిగాను. ఎంగిలి తిన్నా, చెయ్యి పట్టుకున్నా రాదనీ, నిరోధ్ వాడుతూ కాపురం చేసుకుంటున్న వాళ్లున్నారనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మర్నాడు పాసింజరెక్కాను.

"తప్పయింది" అన్నాను.

"కూర్చోండి" అంది, సంచి తీసి ఒళ్లో పెట్టుకుంటూ.

ఆ తర్వాత ఏడాదిన్నర మేం కలిసి తిరిగాం. సెలవు రోజున వాడరేవు వెళ్లేవాళ్లం. ఆమె అద్దె గదిలో గోంగూర పచ్చడితో అన్నం తిని, చాప మీద పక్కపక్కన పడుకునేవాళ్లం. ముద్దు పెట్టుకోబోతే ముందు నా పెదవి పగిలిందేమోనని వెలుతురులోకి తిప్పి చూసేది. ఎంత జాగ్రత్తగా ఉన్నా మూడు నెలలకోసారి నన్ను పరీక్షకు పంపేది. ఆ కాగితం వచ్చేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక ఆమె ఒళ్లు తేరుకుంది. మందుల కోసం వచ్చేవాళ్లంతా నెలకోసారి కూర్చుని మాట్లాడుకునేవాళ్లట. ఆ సంగతులన్నీ నాకు నవ్వుతూ చెప్పేది. ఒక ఆదివారం వాడరేవులో మాత్రం నవ్వలేదు.

"దర్శి దగ్గర పత్తి రైతు ఒకాయన నన్ను చేసుకుంటానంటున్నాడు. ఆయనకీ ఉంది."

"ఆయనంటే ఇష్టమా?"

"మంచోడు. మీ మీద ఉన్నంత ఇష్టం లేదు." ఇసుకలో వేలితో గీతలు గీసింది. "ఆయన పక్కనైతే నిద్ర పడుద్దనిపిస్తోందండీ. మీ పక్కన కళ్లు మూస్తే చాలు, నా మూలాన మీకేమన్నా అయిందేమోనని..."

"నాకేం కాదని డాక్టర్లే చెబుతున్నారుగా!"

"నాకూ తెలుసు. తెలిస్తే భయం పోద్దా?"

చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ, ఆ క్షణాన నాకూ ఆ జబ్బు ఉంటే బాగుండుననిపించింది. పైకి అనలేదు. అంటే ఆమె చెయ్యి చేసుకునేది.

వాళ్ల పెళ్లి దర్శి దగ్గర ఒక చిన్న చర్చిలో జరిగింది. పిలిచింది, నేను వెళ్లలేదు. పాసింజరులో ఆమె సీట్లో ఎవరెవరో కూర్చునేవాళ్లు. ప్రతి స్టేషన్‌లోనూ తలుపు వైపు చూడడం మానుకోడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఐదారేళ్లకు కంపెనీ పని మీద దర్శి వెళ్లినప్పుడు బస్టాండులో ఇద్దరూ ఎదురయ్యారు. ఆమె కాస్త లావయింది. "మా ఆయన" అని పరిచయం చేసింది. నా గురించి ఆయనకు తెలుసని ఆ చూపులోనే అర్థమైంది. నా రెండు చేతులూ పట్టుకుని, "ఇంటికొచ్చి భోంచేసి వెళ్లాలండీ" అన్నాడు. ఆమె నా ముఖం వైపే చూస్తోంది.

"ఇదే ఆఖరి బస్సు" అని చెప్పి ఎక్కేశాను. అప్పటికి ఇంకా మిట్టమధ్యాహ్నం కూడా కాలేదు.