వాకిలి లేని గది

మనుషులు ఒక చోటుకు గుర్తు పెట్టుకుని ఇది మాదని పట్టుకుని ఉండడాన్ని భూగోళశాస్త్రంలో టెరిటరీ అంటారని, కాలేజీ పరీక్షకు చదువుకుంటూ మా మనవరాలు మొన్న నాకు వివరించింది. జూజువాడి చెక్‌పోస్టు దాటగానే తమిళనాడు పోయి కర్ణాటక రావడం, డెంకణికోట అడవంచున ఏనుగులకూ రైతులకూ నడిచే పేచీ, అన్నీ అందులోకే వస్తాయట. నేను తల ఊపుతూ కూర్చున్నానే గానీ, మనసు మాత్రం హోసూరులో నేను కాపురానికి వచ్చిన వఠారానికి పోయింది. నా ఈడు ఆడవాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది, ఆ రోజుల్లో మన సరిహద్దులన్నీ ముగ్గుపిండితో గీసినవే కదా.

మా ఆయనకు ఫ్యాక్టరీలో పని దొరకగానే తీసుకున్న ఆ గది, వఠారం కట్టిన చాలాకాలానికి, వరుస చివర ప్రహరీ పక్కన మిగిలిన సందులో ఇంటివాళ్లు అతికించినది. దానికి గుమ్మం ఉంది, వాకిలి లేదు. వరుసలో ప్రతి ఇల్లాలూ తెల్లవారగానే కళ్లాపి చల్లి, తన ముగ్గు ఎంతమేర పరుచుకుంటే అంతమేర తన వాకిలి అనుకునేది. పక్కామె ముగ్గు అంచు తొక్కకుండా నడవడం అక్కడి మర్యాద. పక్కగదిలో ఉండే కావేరిపట్టణం అక్క వేసే మెలికల ముగ్గు సరిగ్గా నా గడప దాకా వచ్చి ఆగేది. నాకంటే ఎంతో ముందునుంచీ ఉన్న మనిషి, ఆమెను ఏమని అడగను?

అసలు చిక్కు మా అత్తగారితో వచ్చింది. డెంకణికోట దగ్గర పల్లెలో బండి తిరిగేంత వాకిలి ఊడ్చిన మనిషి ఆవిడ. కొడుకు గదికి వాకిలి లేదన్న కబురు ఎవరో మోస్తే విని, పొద్దున్నే ముగ్గు పడని ఇంట్లో కొత్త కోడలిని ఉంచేది లేదనీ, ఆదివారం తానే వచ్చి చూసి, మాట నిజమైతే నన్ను వెంట తీసుకుపోతాననీ చెప్పి పంపారు. అంటే ఆయన ఇక్కడ, నేను అక్కడ. కాళ్ల పారాణి ఇంకా ఆరలేదు. అమ్మకు ఎదురు చెప్పే ధైర్యం మా ఆయనకు లేదు, నాకు అంతకన్నా లేదు. ఏడుపు మింగుకుని, గడపకు లోపలివైపు అరచేతంత ముగ్గు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, దాన్ని తొక్కకూడదని నా గదిలోంచి నేనే దూకి బయటికి వచ్చేదాన్ని.

ఒకనాడు నేనలా దూకడం అక్క కంటపడింది.

“ముగ్గు లోపలేసుకుంటే వాకిలయితాదా అమ్మా? నన్నొక మాట అడగరాదా?” అంది.

అత్తగారు ఆదివారం వస్తున్న సంగతి చెప్పేశాను.

“రానీలే మీ అత్తని. ఈడనుంచి నీది. నేను జరిగినాను, పో.”

మర్నాడు ఆమె చుక్కలు తగ్గించి తన ముగ్గును చిన్నది చేసుకుంది. అది చూసి, ఆమె పక్కనుండే కన్నడ ఆవిడ తన అంచు కాస్త వెనక్కి లాక్కుని అక్కకు చోటిచ్చింది. ఆమెకు ఆవలి ఆవిడా అంతే, ఆ ఆవలి ఆవిడా అంతే. ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. ఆదివారానికల్లా అటు చివరనున్న కొళాయి దాకా వరుసంతా జరిగి, నా గుమ్మం ముందు ఒక మనిషి తీరిగ్గా కూర్చుని ముగ్గు పెట్టుకునేంత నేల తేలింది.

అత్తగారు వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, నా ముఖంకన్నా ముందు ముగ్గును నిదానంగా చూశారు. “చిన్నదే. అయినా వాకిలే,” అని లోపలికి వచ్చి మంచినీళ్లు అడిగారు. సాయంత్రం బస్సుకు ఒక్కరే వెళ్లిపోయారు.

ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది, కొలిచి రాళ్లు పాతిన స్థలముంది. మా వీధిలో గోడ కాస్త అటు జరిగితే వకీలు దాకా పోతారు. తప్పని అనను, కష్టపడి కొనుక్కున్నది ఎవరు వదులుకుంటారు? కానీ ఆ వఠారంలో ఎవరికీ సొంత నేలంటూ లేదు, అందరివీ అద్దె బతుకులే. తమది కాని నేలలోంచే తలా కాస్త తీసి నాకు వాకిలి ఇచ్చారు, నా కాపురం నిలబెట్టారు. వఠారం ఉన్నచోట ఇప్పుడు బైకుల షోరూం ఉంది. ఆ ఆడవాళ్లు ఏ ఊళ్లకు చేరారో తెలియదు. చేతులెత్తి ఒక్క దండం పెట్టుకుందామన్నా, ఎవరి వాకిట నిలబడాలో నాకు తెలియదు.