నత్త పొట్టలో చిలకపచ్చ పోగు

స్టెల్లాకు తళుకుల చీరలంటే ప్రాణం. ఉయ్యూరులో పుట్టి, విజయవాడ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ నలభై దాటిన ఈ మనిషి, ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకున్నా చెంగు మాత్రం బయటికే వదిలేది. కొనేదే చెంగు చూసి, దాన్ని కోటు కింద దాచుకోవడమేమిటని ఆమె వాదన.

ఆమె పీహెచ్‌డీ నత్తల మీద. బందరు కాలవ నత్తల పొట్టలోకి ప్లాస్టిక్ వెళుతోందా, లేదా? అవి కంటికి ఆనని ముక్కలు. నత్త మాంసాన్ని మందులో కరిగించి, వడగట్టి, మిగిలినదాన్ని మైక్రోస్కోపు కింద వెతకాలి. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పటిదాకా ఆమెకు కనిపించింది ఇసుకే.

ఒక సోమవారం, కొత్త చీర కట్టుకుని వచ్చిన రోజునే, కనిపించింది. చిలకపచ్చ పోగు, మెలికలు తిరిగి, నిగనిగలాడుతూ! రెండో నత్తలో ఇంకోటి. ఆ తర్వాత ఏ నత్తను చూసినా పచ్చపోగే. స్టెల్లా స్టూలు మీంచి లేచి గిర్రున తిరిగింది.

"బడే మియా గారూ! బందరు లడ్లు పట్రండి! కాలవంతా ప్లాస్టికే!"

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ అటెండరు బడే మియా ఎందుకని అడక్కుండా వెళ్లి పట్టుకొచ్చాడు. కబురందుకుని గైడు వెంకటసుబ్బారావు గారూ వచ్చారు. లడ్డు బుగ్గన పెట్టుకుని మైక్రోస్కోపులోకి వంగారు. తల ఎత్తి స్టెల్లా చీర వంక చూశారు. మళ్లీ వంగారు.

"ఆ చెంగు కుచ్చుల్లోంచి ఒక్క పోగు పీకి ఇవ్వమ్మా."

పక్కపక్కన పెట్టి చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి రెండూ. పాలిస్టరంటే దారంగా సాగదీసిన ప్లాస్టిక్కే మరి.

"గాల్లోంచి ఏం రాలుతుందో తెలియడానికి పక్కన ఖాళీ పళ్లెం పెట్టమన్నాను కదా, పెట్టావా?"

"పెట్టానండీ. దుమ్ము పడుతుందని మూత కూడా పెట్టాను."

అనేశాక అర్థమైంది స్టెల్లాకి. ముందు ఆమే నవ్వింది. బడే మియా గోడ పట్టుకున్నాడు. గైడు గారికి లడ్డు పొలమారి, నెత్తిన చరిచేదాకా ఊపిరి అందలేదు.

మర్నాటి నుంచి అంతా కొత్తగా మొదలు. ముగ్గురూ తెల్ల నూలు బట్టల్లో, ఫ్యాను ఆపేసుకుని, చెమటలు కక్కుతూ కొత్త నత్తల్ని కరిగించారు. పళ్లెం మీద మూత లేదు. రోజులు గడుస్తున్నాయి, మళ్లీ ఇసుకే. గడువు ఇంక రేపనగా, మధ్యాహ్నం, సన్నటి నీలం పోగు కనిపించింది.

స్టెల్లా అరవలేదు. వేలితో మాత్రం పిలిచింది. గైడు గారు ఖాళీ పళ్లెం చూశారు. శుభ్రంగా ఉంది. ముగ్గురి ఒంటి మీదా, చివరికి బడే మియా జేబురుమాలులో కూడా, నీలం లేదు.

"కాలవదేనమ్మా," అన్నారు.

అప్పుడు అరిచింది స్టెల్లా. వరండాలో పిల్లలు ఆగి చూసేలా గంతులు వేసింది.

"పాపం నత్త ప్లాస్టిక్ మింగితే ఇంత సంబరమేంటండీ మేడం?" అన్నాడు బడే మియా.

"ఊరుకోండి బడే మియా గారూ! ఈసారి అది నాది కాదు!"