రెండు డిస్కులూ ఒకేసారి పాడవవు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు నేను రాజమండ్రి శాఖలో సీనియర్ సర్వీస్ ఇంజనీర్‌గా ఉండేదాన్ని. ఏడాది పొడుగునా కంప్యూటర్ల మరమ్మతు చూసుకునే ఒప్పందాన్ని మా వ్యాపారంలో ఏఎంసీ అంటారు. రెండు గోదావరి జిల్లాల్లో మా కంపెనీకి అలాంటి ఒప్పందం ఉన్న మిల్లులు, ఆసుపత్రులు, ల్యాబులు నా బాధ్యత. మామూలు ఫిర్యాదులకు జూనియర్లు వెళ్లేవారు. వాళ్లకు లొంగనివి, యజమాని బాగా కోపం మీద ఉన్నవి నాకు వచ్చేవి.

అది ఫిబ్రవరి, రొయ్యల చెరువుల్లో పిల్ల వదిలే రోజులు. తణుకులో ఒక రైస్ మిల్లులో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. భీమవరం దగ్గర ఒక రొయ్యపిల్ల పరీక్షల ల్యాబ్‌లో హార్డ్ డిస్క్ మార్చాక కంప్యూటర్ లేవడం లేదట. ఇది ఆ రెండో రకం ఫిర్యాదని ఫోన్ చేసినతని గొంతులోనే తెలిసింది. బస్సెక్కాను.

ఆ ల్యాబ్ పని ఏమిటో చెప్పాలి. రైతు, రొయ్యపిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీలో పిల్ల కొనే ముందు, ఆ ట్యాంకులోంచి కొన్ని పిల్లల్ని తెచ్చి అక్కడ ఇస్తాడు. పీసీఆర్ అనే యంత్రం వాటిలో తెల్లమచ్చ వ్యాధి వైరస్ ఉందో లేదో తేలుస్తుంది. ఆ యంత్రాన్ని నడిపేది పక్కనే ఉన్న పాత కంప్యూటర్. అందులోని సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క కంప్యూటర్‌కే ముడిపడి ఉంది. తయారుచేసినవాళ్లు ఆ మోడల్ ఆపేసి చాలాకాలమైంది కాబట్టి ఇంకోదాంట్లో ఎక్కించుకుందామన్నా వీలుపడదు.

యజమాని రాజుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "పదేళ్ల నుంచి కిక్కురుమనకుండా పనిచేసిందండి మేడం. నిన్న సాయంత్రం ఈ అమ్మాయి చెయ్యి పెట్టింది, పొద్దున్నకి చచ్చి కూర్చుంది."

ఆ అమ్మాయి సుజాత, ల్యాబ్ ఇన్‌చార్జి. ఎమ్మెస్సీ చదివింది. పాత డిస్కు కొన్నాళ్లుగా టకటకమని చప్పుడు చేస్తుంటే, అది పూర్తిగా పోకముందే అందులో ఉన్నదంతా కొత్త డిస్కులోకి కాపీ చేయించి, తనే బిగించింది. నిజానికి అది సరైన నిర్ణయం. కానీ ఆ ఉదయం ఆమెకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. బల్ల మీద మూత విప్పిన కంప్యూటర్, పక్కన ఒక గాజు పళ్లెంలో సైజుల వారీగా వేరుచేసి పెట్టిన మరలు కనిపించాయి. మరలు అలా పెట్టుకున్న మనిషి తొందరపాటుతో పని చేసి ఉండదనుకున్నాను.

ఆన్ చేశాను. కంపెనీ పేరు వచ్చింది, రెప్పపాటు నీలం తెర మెరిసింది, మళ్లీ మొదటికి వచ్చింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

ఏది చివర మార్చారో దాన్నే ముందు అనుమానించాలని మాకు నేర్పేవారు. కొత్త డిస్కు తీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను. ఫైళ్లన్నీ చక్కగా తెరుచుకున్నాయి. ఇక పాతది పెట్టి చూద్దామన్నాను.

"పెట్టి చూశానండి," అంది సుజాత మెల్లగా. "అదీ ఇలాగే అవుతుంది."

"విన్నారా అండి? కొత్తదే కాదు, పాతది కూడా పోగొట్టింది!" అన్నారు రాజుగారు.

నాకు మాత్రం ఆ మాటతో మనసు తేలికపడింది. నిన్న సాయంత్రం దాకా పనిచేసిన డిస్కు, దాని కాపీ, రెండూ ఒక్కసారే పాడై, ఒకేలా నీలం తెర చూపించవు. తప్పు డిస్కుల్లో లేదు, ఇంకెక్కడో ఉంది.

బయట బల్ల మీద పల్లయ్య గారనే రైతు పొద్దున్నుంచి కూర్చుని ఉన్నారు. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం వాళ్లది. ఆ ఏడే అన్నదమ్ములు కలిసి మొదటిసారి చెరువులు కౌలుకు తీసుకున్నారు. హేచరీవాళ్లు ఆయన కోసం ట్యాంకు సాయంత్రం దాకానే ఆపుతామన్నారట. లోపలికి తొంగిచూసి, "అవుద్దాండి మేడం? అవదంటే చెప్పేయండి. దేవుడి మీద భారం వేసి పిల్ల ఎత్తించేస్తాను," అన్నారు.

మాట ఇవ్వగల స్థితిలో లేను. కాసేపు ఆగమని మాత్రం అడిగాను.

సుజాతను కూర్చోబెట్టి, నిన్న ఏం చేసిందో ఏదీ వదలకుండా మొదటి నుంచి చెప్పమన్నాను. రాజుగారు ఏదో అనబోతే చెయ్యి అడ్డుపెట్టాను.

"షట్‌డౌన్ చేశానండి. ప్లగ్గు పీకాను. వైర్లు తీసి, వెనక గదిలో పెట్టి దుమ్ము దులిపి..."

"ఇదివరకు ఎప్పుడైనా ప్లగ్గు పీకారా?"

ఆలోచించింది. "లేదండి. నేను చేరాక ఎప్పుడూ లేదు. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంటుంది కదండి."

ప్రతి కంప్యూటర్ లోపలా రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. ప్లగ్గు తీసేసినప్పుడు గడియారాన్ని నడిపేదీ, బయాస్ అనే మూల సెట్టింగులను గుర్తుపెట్టేదీ అదే. ప్లగ్గులో ఉన్నంతకాలం ఆ సెల్ చచ్చినా ఎవరికీ తెలియదు. బయాస్ తెర తెరిచి తేదీ చూపించాను.

సుజాత వంగి చూసింది. "ఇది నేను హైస్కూల్లో ఉన్న సంవత్సరమండి!" అంది. నేను వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

సెల్ ఎప్పుడో అయిపోయింది. ప్లగ్గు పీకగానే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీలో పుట్టినప్పటి స్థితికి వెళ్లిపోయాయి. వాటిలో డిస్కుతో మాట్లాడే పద్ధతి కూడా ఒకటి. ఈ కంప్యూటర్‌ను సిద్ధం చేసినవాళ్లు అప్పట్లో ఐడీఈ అనే పాత పద్ధతి పెట్టారు. ఇప్పుడది ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మారి ఉంది. అలవాటైన దారిలో డిస్కు దొరకక సిస్టమ్ కుప్పకూలుతోంది. కొత్త డిస్కు తిరిగి బిగించి, పాత పద్ధతికి మార్చి, తేదీ సరిచేసి ఆన్ చేశాను. పీసీఆర్ సాఫ్ట్‌వేర్ తెర వచ్చేసింది.

సెల్ మార్చకపోతే ఈ కథ మళ్లీ మొదలవుతుంది. నా సంచిలో ఉన్నవి తణుకులో అయిపోయాయి. అదే సైజు సెల్ రాజుగారి కారు తాళంలో ఉంటుందని చెబితే, ఆయన మారుమాట్లాడకుండా తాళం నా చేతికిచ్చారు. అది వేసి, సెట్టింగులు మరోసారి సరిచేశాక, ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి చూపించాను. సెట్టింగులు చెక్కుచెదరలేదు.

శాంపిళ్లు సుజాత పొద్దున్నే సిద్ధంచేసి ఐసులో ఉంచింది. వెంటనే యంత్రంలో పెట్టింది. రాజుగారు కాసేపు అటూ ఇటూ తిరిగి, బయటికెళ్లి తనే టీ పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టారు. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా అమ్మా?" అన్నారు.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. తెర మీద పల్లయ్య గారి శాంపిల్ గీత పైకి లేచింది, అంటే వైరస్ ఉంది. ఇప్పుడే బాగుచేసిన కంప్యూటర్ కదా, దాన్ని నమ్మవచ్చా అని రాజుగారు అడిగారు. సుజాత తడుముకోలేదు. ప్రతిసారీ శాంపిళ్లతోపాటు వైరస్ ఉందని ముందే తెలిసినది ఒకటి, లేదని తెలిసినది ఒకటి పెడతారట. ఉన్నదాని గీత లేచింది, లేనిది నేలబారుగానే ఉంది. "ఫలితం కరెక్టేనండి," అని, పల్లయ్య గారిని పిలిచి తనే చెప్పింది.

ఆయన అక్కడి నుంచే హేచరీకి ఫోన్ చేసి ఆ ట్యాంకు వద్దన్నారు. "ఇంకో చోట చూసుకుంటానండి. కొన్నాళ్లు ఆలస్యమైతే అయింది, చెరువు ఎక్కడికీ పోదు కదండి," అని మాకు దణ్ణంపెట్టి వెళ్లారు. తర్వాతి వారం ఆయన వేరే హేచరీ పిల్ల తెచ్చారనీ, అది శుభ్రంగా ఉందనీ సుజాత ఫోన్ చేసి చెప్పింది.

సర్వీస్ రిపోర్టులో కారణం అనే గడి ఉంటుంది. సెల్ అయిపోవడం వల్ల సెట్టింగులు పోయాయని, డిస్కు మార్పు సరిగ్గానే జరిగిందని రాసి రాజుగారికిచ్చాను. ఆయన నిదానంగా చదివి సంతకం పెట్టారు.

అంతకుముందు ఇలాంటి చోట్ల మేమంతా 'హార్డ్ డిస్క్ మార్చడం వల్ల' అని అలవాటుగా రాసేసేవాళ్లం. ఆ తర్వాత నా జూనియర్లెవరైనా అలా రాసుకొస్తే, మార్చడం వల్ల పాడైందా, లేక మార్చే సమయంలో పాడైందా అని అడిగేదాన్ని. చాలామంది జవాబు కోసం మళ్లీ సైటుకు వెళ్లాల్సి వచ్చేది.