పాలు ముట్టని మనవరాలితో పరకాల తోవలో వంటావార్పు

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పిల్లలకు ఎండదెబ్బ తగలలేదు కదా? బస్సెక్కితే వాంతులయ్యేవాళ్లు నిమ్మకాయ దగ్గర పెట్టుకుంటున్నారా? నాకు మాత్రం ఇంకా గుండెదడ తగ్గలేదు. ఎందుకో చెబుతాను.

నా కూతురి బిడ్డ సౌజన్య మానుకోటలో టీచరు. రెండేళ్లుగా పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె ఏవీ ముట్టదు. నిరుడు మా ఇంట్లో ఎవరో పప్పులో నెయ్యి కలిపి చెప్పకుండా పెట్టారు. తెలిసి విస్తరి ముందు నుంచి లేచిపోయింది, మళ్లీ మా గడప తొక్కలేదు. ఈ వేసవి సెలవుల్లో భూపాలపల్లి వైపు, మొగుళ్లపల్లిలో మా తమ్ముడి మామిడితోటలో అందరం కలిసి వండుకుందామని బతిమాలితే చివరికి ఒప్పుకుంది. తమ్ముడికి కోడికూర కావాలి. మా పక్కింటి ఖాసింబీ హలాల్ చూసుకుంటుంది. మనవరాలికేమో పల్లీనూనె వంట. దాని కోసమే ఒక కొత్త గిన్నె కొని, పెనంతో, జొన్నపిండితో వేరే మూట కట్టాను.

జనగామలో తెల్లవారి మొదటి బస్సెక్కి, తొర్రూరు, నెల్లికుదురు మీదుగా ఎండ ముదరకముందే నేనూ ఖాసింబీ మానుకోట చేరాము. అక్కడ సౌజన్యను కలుపుకొని జీపు మాట్లాడాము. బస్సు కంటే చాలా ఎక్కువే అయింది, కానీ ఇంత సామానుతో బస్సులు మారలేము. నర్సంపేట దాటి పరకాల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు నిండా జనం, పొగ. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఏంది నాయినా, కొట్లాటనా?” అని డ్రైవరును అడిగాను.

“కొట్లాట గాదవ్వా, వంటావార్పు. తెలంగాణ కోసం రోడ్డు మీదనే వండుకోని తింటున్నరు. పొద్దుగూకేదాక బండి కదలది. దిగి మీరు గూడ పొయ్యి పెట్టుర్రి.”

సౌజన్య నవ్వుతూ బోరింగు నీళ్లకు వెళ్లింది. ఖాసింబీ మూడు రాళ్లు పెట్టి మంట చేసింది. అక్కడ అందరి గిన్నెలూ అందరివే. నేను మూట విప్పి గిన్నె బయట పెట్టి, పిండి కొలుచుకొని తిరిగి చూసేసరికి, పక్క పొయ్యి ఆవిడ మా కొత్త గిన్నెలో పాలు పొంగిస్తోంది!

“గిదేం పని చేసినవమ్మా!”

“కొత్త పొయ్యి, కొత్త గిన్నె. పాలు పొంగియ్యకుంటే ఎట్లక్కా? మంచి జరగాలె గదా.”

ఏమని తిట్టను? మా ఇంట్లో అయితే నేనూ అదే చేస్తాను.

“పరేషాన్ గాకక్కా,” అంది ఖాసింబీ. “జర మంచిగ తోమితే ఎవలికి తెలుస్తది?”

నిరుడు కూడా ఇలాంటి మాటే అన్నారు. సౌజన్య బిందెతో రాగానే చెప్పేశాను. “బిడ్డా, నీ గిన్నెల పాలు పొంగిచ్చిన్రు. మళ్ల లేచిపోతవేమోనని భయమైతాంది.”

అది బిందె దించి గిన్నె వంక చూసింది. “నేను నిరుడు నెయ్యికి లేచిపోలేదవ్వా. నాకు చెప్పలే గదా, గందుకు పోయిన. ఇయ్యాల చెప్పినవ్. గిన్నె గాళ్లకే ఇయ్యి, నాకు రొట్టె చెయ్యి.”

పెనం ఇంకా మూటలోనే ఉంది, బతికిపోయాను. జొన్నరొట్టెలు కాల్చాను, పచ్చి మామిడికాయ, మిరపకాయలు, ఉప్పు కలిపి దంచాము. సౌజన్య మూడు రొట్టెలు తింది!

“గింత దానికా అక్కా, కొత్త గిన్నె కొన్నది?” అని ఖాసింబీ ఒకటే నవ్వు.

తోట చేరేసరికి చీకటి పడింది. పిల్ల తిండి మారిపోయిందని రెండేళ్లుగా దిగులు పడ్డాను. దానికి కావలసింది ఒక్క నిజం మాట అని నడిరోడ్డు మీద తెలిసింది. మీరూ ఇలా రకరకాల వాళ్లతో వంటకు బయల్దేరితే, పాలు ముట్టనివాళ్ల గిన్నెను వాళ్ల వంట మొదలయ్యే దాకా మూటలోంచి తీయకండి, పక్కవాళ్లకు ముందే చెప్పండి.

తిరిగి వచ్చేటప్పుడు సౌజన్య తనే అంది: “అవ్వా, మిరుగు కార్తె దాటినంక మొదటి ఆదివారం జనగామకొస్త. పెనం తీసి పెట్టు.”