హోల్డ్‌స్వర్త్ ఆఫీసు అమ్ముడుపోయాక

ఇంగ్లండులోని బార్న్‌స్లీ ఊళ్లో హోల్డ్‌స్వర్త్ లాయరు ఆఫీసంటే ఎనిడ్ క్రాబ్‌ట్రీయే. ముప్పై ఒక్కేళ్లుగా అక్కడ గుమాస్తా. ఏ కేసు వచ్చినా, దావా వెయ్యడానికి ఆఖరి రోజేదో ఫైలు అట్ట మీద ఎర్ర పెన్సిల్‌తో రాసేది. ఆ తేదీ దాటితే కేసు చచ్చినట్టే. ఆమె చేతిలో ఒక్కటీ చావలేదు.

చట్టం మారి, లాయర్లు కానివాళ్లు కూడా లాయరు ఆఫీసులు కొనుక్కోవచ్చన్నారు. అద్దెకార్ల కంపెనీ ఒకటి వచ్చి హోల్డ్‌స్వర్త్‌ను కొనేసింది. కార్లు అద్దెకిచ్చుకునేవాడికి మన గోడుతో ఏం పనని ఊళ్లో ఒక్కడూ అడగలేదు. బోర్డు మీద పేరు అలాగే ఉంచి, లాయరు ముసలి హోల్డ్‌స్వర్త్‌ను జీతానికి కూర్చోబెట్టారు. మేనేజరుగా దిగిన డేమియన్‌కు చట్టంలో ఓనమాలు రావు. కేసులన్నీ కంప్యూటర్‌కెక్కించి, ఫైళ్లను అట్టలతో సహా చెత్తలో వేయించాడు. ఏ ఫోనూ ఎనిమిది నిమిషాలు దాటకూడదన్నాడు.

సిరిల్ హెప్‌వర్త్ బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని, నష్టపరిహారం కోసం వచ్చినవాడు. మాటమాటకీ ఆగి గాలి పీల్చుకోవాలి. మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ ఎనిమిదో నిమిషంలో పెట్టేశారు. "కస్టమరు సహకరించలేదు" అని రాసి కేసు మూసేశారు.

గురువారం మధ్యాహ్నం తెర మీద ఆ మాట చూసేసరికి ఎనిడ్‌కు ఒళ్లు మండిపోయింది. సిరిల్ గడువు ఆమెకు కంఠతా వచ్చు. ఆ సాయంత్రం నాలుగింటికి తీరిపోతుంది.

"సహకరించలేదా? ఊపిరాడనివాడు ఎంత గబగబా మాట్లాడతాడయ్యా?" అని డేమియన్ మీద విరుచుకుపడింది.

"రూలు రూలే ఎనిడ్. అయినా ఇలాంటి కేసులు మనకు గిట్టుబాటు కావు."

దావా కాగితం రాసి పట్టుకుని హోల్డ్‌స్వర్త్ గదిలోకి వెళ్లింది. "సార్, సంతకం పెట్టండి."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "డేమియన్‌ని ఓ మాట అడగమ్మా" అన్నాడు.

"లాయరు మీరా, వాడా?"

ఆయన కాగితాన్ని ఆమె వైపుకు జరిపేశాడు. ఆమెకు కోపం కంటే అసహ్యమే ఎక్కువ కలిగింది.

కోటు తగిలించుకుని నేరుగా సిరిల్ ఇంటికి వెళ్లింది. "బాబాయ్, నీ దావా నువ్వే వేసుకోవచ్చు. ఇక్కడ సంతకం పెట్టు."

"నాకు... లాయరున్నాడుగా... తల్లీ?"

"ఉండేవాడు. అమ్ముడుపోయాడు. పెట్టు నువ్వు."

నాలుగు కావడానికి ఇంకా ఆరు నిమిషాలుండగా కోర్టు కౌంటర్లో కాగితం పెట్టింది. అక్కడి గుమాస్తా ఆమెను ఏళ్లుగా ఎరుగును.

"ఏంటి ఎనిడ్, లాయరు పేరు గడి ఖాళీగా వదిలేశావ్? నువ్వు కూడా మర్చిపోతే ఎలా?"

"మర్చిపోలేదు. మా ఆఫీసులో లాయరెవరూ లేరు. ముద్ర కొట్టు."