మైక్రోస్కోపు కింద మా వాగు నీళ్లు

మా చిన్నప్పుడు... జూలూరుపాడు అవతల, అడవి అంచున మా బడి. ఎవరింట్లో తాగే నీళ్లు వాళ్లు సీసాలో తెమ్మన్నారు సైన్సు సారు. ఆయనది మధిర. బడికి కొత్తగా మైక్రోస్కోపు వచ్చింది మరి...

నా నీటిచుక్కలో చెప్పుల ఆకారంలో ఏవో గిరగిరా ఈదుతున్నాయి. "ఇవి బ్యాక్టీరియా కావర్రా, వాటికంటే చాలా పెద్దవి. బ్యాక్టీరియా ఇందులో సన్నటి చుక్కల్లా కనబడితే గొప్ప. వైరస్‌లు అసలు కనబడవు" అని సారు చెబుతూనే ఉన్నారు. వినేదెవరు...

"ఏందే, మీరు గీ పురుగుల నీళ్లు తాగుతరా?" అంది పక్కనున్న పిల్ల. క్లాసంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మాది వాగు నీళ్లే. ఎండాకాలం ఇసుకలో చెలమ తవ్వి, పాత నీళ్లు తోడి పారబోసి, కొత్తగా ఊరినవి సొరకాయ బుర్రతో ముంచుకునేవాళ్లం.

ఆ ఆదివారం సారు మా ఇంటికి వచ్చారు, నన్ను పై చదువుకు పంపమని అడగడానికి. అమ్మ చెలమకు ఉరికి, తేట నీళ్లు తెచ్చి చెంబు చేతికిచ్చింది. మా ఇళ్లలో వచ్చిన మనిషి నీళ్లు తాగాకే మాట మొదలయ్యేది. తాగు సారూ, తాగు... అని లోపల మొక్కుకుంటున్నాను. సారు చెంబును పెదాల దాకా తెచ్చి దింపేశారు.

"దాహం లేదమ్మా."

మండుటెండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషికి దాహం లేదట... అమ్మ ముఖం చిన్నబోయింది. నన్ను లోపలికి పిలిచి, "నీళ్లు మంచిగ లేవానే?" అని మెల్లగా అడిగింది. బళ్లో జరిగిందంతా ఏడుస్తూ చెప్పేశాను.

అమ్మ పొయ్యి రాజేసి, అవే నీళ్లు మరగబెట్టి, చెంబు కొంగుతో పట్టుకుని బయటికి తెచ్చింది.

"మరగబెట్టిన సారూ. ఇగ తాగుండ్రి. మీరు తాగకుంటే పిల్ల చదువు ముచ్చట ఎట్ల మాట్లాడుదం?"

సారు తలెత్తలేదు. చెమటలు కారుతుంటే ఊదుకుంటూ ఊదుకుంటూ చెంబు ఖాళీ చేశారు. "ఏమనుకోకమ్మా" అన్నారు. అప్పుడు మొదలైంది నా చదువు మాట.

ఇప్పుడు మా ఇంట్లోనూ క్యాన్ నీళ్లే... వచ్చినవాళ్లు సంచిలోంచి సొంత సీసా తీసుకుని తాగేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. అమ్మ మాత్రం ఆ నీళ్లనూ మరగబెట్టి, ఇప్పటికీ ఎవరొచ్చినా చెంబు అందిస్తూ, అడగకముందే, "మరగబెట్టినవే" అంటుంది. ఆ మాట వినబడితే నేను ఇంకా తల దించుకుంటాను...

మీ ఇంటి నీళ్లు ఎవరైనా వద్దన్న రోజు మీకూ ఉందా?